నాలుగు మూలల బొగ్గులు

మొన్న శనివారం గాజుపెట్టెలో పెట్టిన బొగ్గుముక్కలు చూసొచ్చాను. అప్పటినుంచీ నాకు అన్నం సయించడం లేదు.

నేను పరదేశంలో, మోరిస్‌విల్ అనే ఊళ్ళో మా చిన్నమ్మాయి ఇంట్లో ఉంటాను. దాని కూతురు ఎనిమిదో తరగతి. ఈ దేశంలో వెనకటికి వీళ్ళలో వీళ్ళే కొట్టుకున్న పెద్ద యుద్ధం గురించి, అది ముగిశాక మనుషులు మళ్ళీ ఒకచోట ఎట్లా బతికారన్నదాని గురించి దానికి పాఠం నడుస్తోంది. టీచరు ఒక పెద్ద కాగితం ఇచ్చింది. కాగితం మధ్యలో నిలువుగా గీత. గీతకు ఇటు, ఆ తర్వాత వచ్చిన మార్పుల్లో నిలిచినవి రాయాలి, అటు నిలవనివి రాయాలి. పైగా ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా అట్లాంటి గొడవ చూసినవాళ్ళుంటే వాళ్ళని అడిగి, వాళ్ళ ఊరి సంగతీ అదే కాగితం మీద రాయాలి.

మా మనవరాలు క్లాసులో వెంటనే చెయ్యెత్తిందట, మా అమ్మమ్మ ఉంది అని. ఎందుకంటే మా ఇంట్లో ఒక కథ ఉంది. గొడవలు చల్లారాక మా తాత ఊరందరినీ పిలిచి, పెద్దా చిన్నా అనకుండా, ఏ వాడవాళ్ళయినా సరే ఒకే బంతిలో కూర్చోబెట్టి, తన చేత్తో వడ్డించి భోజనం పెట్టిన కథ. నా పిల్లలు ముగ్గురూ ఆ కథ వింటూ ముద్దలు మింగినవాళ్ళే. పరమాన్నంలో ఎన్ని యాలకులు పడ్డాయో కూడా చెప్పేదాన్ని. మనవరాలు నిలిచినవి అన్న వైపు మొట్టమొదట ఆ భోజనమే రాసుకుంది, రంగు పెన్సిలుతో విస్తరాకు బొమ్మ కూడా వేసింది.

శనివారం మమ్మల్నిద్దరినీ మా అమ్మాయి గంటన్నర డ్రైవ్ చేసి ఒక పాత ఆసామి తోటకు తీసుకెళ్ళింది. ఈ నెలలో ఇక్కడ చెట్ల పుప్పొడి కార్ల మీద పసుపు చల్లినట్టు పడుతుంది. ఆసామి ఇల్లు తెల్లగా, దిట్టంగా నిలబడే ఉంది. ఆ ఇంటికి బానిసలుగా బతికినవాళ్ళ గుడిసెలే పోయాయి. అంతా తిప్పి చూపించింది నల్లజాతి ఆవిడ, డెబ్భై దాటి ఉంటాయి, నెత్తి మీద గడ్డి టోపీ. ఆవిడ ముత్తవ్వ అక్కడ పనిచేసిన మనిషేనట. గుడిసె కర్ర పోయింది, మట్టి గోడ పోయింది, కాని పొయ్యిలో బొగ్గు పుచ్చదు కదా, నేల తవ్వి ఆ బొగ్గును బట్టి ఎవరి ఇల్లు ఎక్కడుండేదో తేల్చారని చెప్పింది. ఆ బొగ్గే గాజుపెట్టెలో ఉంది. పెట్టె మీద ఆవిడ చెయ్యి వేసి నిలబడింది, మనం పసిపిల్ల వీపు మీద వేసినట్టు.

నాకు ఇంగ్లీషు రాదు. మనవరాలు చెవి దగ్గర చెబుతూ ఉంది. "అమ్మమ్మా, వార్ అయ్యాక వాళ్ళకి ల్యాండ్ ఇస్తామన్నారంట. కొంతమందికి ఇచ్చారు కూడా. దెన్ మళ్ళీ తీసేసుకున్నారు. వాళ్ళు కట్టుకున్న స్కూల్ మాత్రం స్టిల్ ఉందంట."

నేను అక్కడున్న బల్ల మీద కూలబడ్డాను. షుగర్ డౌన్ అయిందేమోనని మా అమ్మాయి బ్యాగులోంచి జ్యూస్ తీసి తాగించింది. షుగరు కాదు.

నా చిన్నప్పుడు మా ఊరు రగిలిన మూడు నాలుగేళ్ళని గొడవల కాలం అనేవారు. మా తాత ఊరికి పటేలు. మమ్మల్ని దొరలు అనేవారు. ఊరి చివరి వాడవాళ్ళు వంతుల వారీగా వచ్చి మా ఇంట్లో కూలి లేకుండా చాకిరీ చేసి వెళ్ళాలి. దాన్ని వెట్టి అంటారు. ఆ వాడవాళ్ళు ఒకనాడు సంఘం పెట్టుకుని ఇక చెయ్యమన్నారు. ఆ తర్వాత తుపాకులు దిగాయి. రెండు ఎడ్లబండ్లలో మూటాముల్లె సర్దుకుని మేము పట్నంలో మా అమ్మ పుట్టింటికి పారిపోయాం. మేము లేనప్పుడు మా పొలాలు పంచుకున్నారు. మిలిటరీ వచ్చాక కాల్పులు జరిగాయి. మా పెదనాన్న పోయాడు. వాడలో నలుగురు పోయారు. ఎవరి శవం మీద ఎవరు ఏడ్చినా రెండో వైపువాళ్ళు తలుపులేసుకునేవారట. ఏడాదికి అంతా సద్దుమణిగిందని కబురొస్తే తిరిగి వచ్చాం.

ఇల్లంతా గబ్బిలాల కంపు. వడ్లు పోసే గరిసెలు ఖాళీ. మా నాయనమ్మ మూడు రోజులు పేడనీళ్ళతో కడిగించి, సాంబ్రాణి వేసి, నాలుగోనాడు సర్వపిండి చేసింది. గిన్నె అడుగుకి అంటుకుని మాడిన ఆ నువ్వుల వాసన వచ్చాకే ఇది మా ఇల్లు అనిపించింది నాకు.

అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. నా ఈడుదే వాడలో ఒక పిల్ల ఉండేది. వాళ్ళమ్మ మా ఇంట్లో వడ్లు దంచేది. మేమిద్దరం ఆ ఊక కుప్పలోనే పొర్లి పెరిగాం. గొడవలకు ముందు నన్ను చిన్నదొరసానీ అని పిలిచేది, తొమ్మిదేళ్ళకు తక్కువ పిల్ల, తొమ్మిదేళ్ళకు తక్కువ పిల్లని. తిరిగొచ్చాక పేరుపెట్టి పిలిచింది. ఎవరూ లేనప్పుడు ఆ పిలుపు నాకు నోట్లో బెల్లంముక్క పెట్టుకున్నట్టు ఉండేది. మా నాయనమ్మ వింటుండగా పిలిస్తే మాత్రం చెవులు కాలేవి. ఒకసారి నాయనమ్మ అడగనే అడిగింది, ఆ పిల్లేంది, మన పిల్లను మేనత్త బిడ్డను పిలిచినట్టు పిలుస్తున్నదని. నేను వినపడనట్టు లోపలికి వెళ్ళి కుండలో నీళ్ళు తాగాను.

ఇంకొకటి కూడా ఉంది. మేము లేని రోజుల్లో సంఘంవాళ్ళు వాడలో బడి పెట్టి పిల్లలకు అక్షరాలు నేర్పారు. ఆ పిల్లకు రాయడం వచ్చింది. నాకప్పటికి రాదు. మా ఇంట్లో ఆడపిల్లకు అక్షరాలెందుకన్నారు, నేనూ అదే గొప్ప అనుకుని తిరిగాను, ఆ పిల్ల బండి చక్రం మీద ధూళిలో వేలితో రాసి చూపించేదాకా.

వాగు అవతల రెండెకరాల చెలక ఉండేది. ఆ పిల్ల ముత్తాత అడవి కొట్టి చేసిన పొలమది. మా తాతల కాలంలో మా పొలంలో కలిసిపోయింది. ఎట్లా కలిసిందని నేను ఎవరినీ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. గొడవల్లో అది మళ్ళీ వాళ్ళ చేతికొచ్చింది. జొన్న వేశారు. మధ్యాహ్నం పూట ఆ పిల్ల నన్ను అక్కడికి తీసుకుపోయేది. పచ్చి కంకులు కాల్చి, అరచేతుల్లో నలిపి, ఊది పెట్టేది. వేడివేడిగా, కాస్త పాలు పాలుగా ఉండే ఆ గింజల రుచి నాకు ఈ ఎనభయ్యైదేళ్ళలో మళ్ళీ ఎక్కడా దొరకలేదు.

ఒకరోజు పొలం మూల ఉన్న రాయి పక్కన కొడవలితో మోచేతి లోతు తవ్వింది. నల్లటి బొగ్గులు బయటపడ్డాయి.

"పొలం చేసిననాడు మా ముత్తాత నాలుగు మూలల బొగ్గులు పాతిండట. రాయినైతే ఎవలన్న జరుపుతరు. బొగ్గు మన్నుల ఉన్నది ఎవలకెరుక? ఎవలకు చెప్పొద్దన్నడు మా నాయిన. నీకు జెప్తున్న" అంది.

రెండు ముక్కలు తీసుకుని గుంట పూడ్చింది. వాగులో పెద్ద బండ మీద ఆ బొగ్గుతో అష్టాచెమ్మా గళ్ళు గీసుకుని ఆడాం. నేను గెలిచాను. గెలిచానని ఎగిరాను కూడా. అది నవ్వి, గళ్ళ పక్కన రెండు మాటలు రాసింది, ఒకదాని పక్కన ఒకటి. మొదటి దాని మీద వేలు పెట్టి "ఇది నేను" అంది. నాకు ఎక్కడో మండింది. గెలిచింది నేను, చూపించుకుంటున్నది అది. రెండో మాట మీద వేలు పెట్టేలోపే నా మడమతో దాన్ని రుద్దేశాను. కాని చూశాను. చూసింది మరిచిపోయే అలవాటు నాకు లేదు. అది కాసేపు నా కాలి వైపు చూసి, "పోనీ తియ్" అంది. మిగిలిన బొగ్గుముక్కను నేను లంగా కుచ్చిళ్ళలో దోపుకుని ఇంటికొచ్చాను.

అప్పటికి ఊళ్ళో రాజీ మాటలు నడుస్తున్నాయి. రెండు వైపులా చచ్చిపోయినవాళ్ళున్నారు, రెండు వైపులా విసిగిపోయారు. తహసీల్దారు వస్తాడు, పాత హద్దు రుజువు చూపించగలిగినవాళ్ళ పొలం వాళ్ళకే ఉంటుంది, చూపించలేనిది పట్టాదారుకి, అంటే మా తాతకి, పోతుందని పెద్దలు తేల్చారు. వెట్టి ఇక ఉండదని మా తాత నలుగురిలో ఒప్పుకున్నాడు. తాగే నీళ్ళ బావి అందరిదీ అన్నాడు. వాడవాళ్ళ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయని మా అమ్మ చెప్పింది.

ఆ సాయంత్రం నేను అరుగు మీద బొగ్గుతో గళ్ళు గీస్తుంటే మా తాత వచ్చి నులకమంచం మీద కూర్చున్నాడు. ముక్క తీసుకుని వేళ్ళ మధ్య తిప్పాడు. గోటితో గీరాడు. పొయ్యిలో బొగ్గయితే చేతికి పొడి రాలుతుంది. ఇది రాలలేదు, సందుల్లో మన్ను గట్టిపడి ఉంది.

"ఏడికెళ్ళి తెచ్చినవ్ బిడ్డా?"

పొయ్యిలోది అన్నాను. ఆయన అబద్ధమని కసరలేదు. నాయనమ్మను కేకేసి మీగడలో బెల్లం కలిపి తెప్పించాడు. మా తాత పక్కన మంచం మీద కూర్చుని తినడమంటే మగపిల్లలకే దొరకని భాగ్యం. నేను వేలితో గిన్నె నాకుతుంటే నా జుట్టు నిమురుతూ, ఏదో ఊసుపోక అడిగినట్టు అడిగాడు.

"ఆ పోరికి అక్షరాలొస్తయట గద. మరి నీకేమెరుక?"

"బొగ్గులు ఏడున్నయో నాకెరుక" అన్నాను.

నన్నెవరూ కొట్టలేదు, భయపెట్టలేదు. నాకు తెలిసింది ఒక్కటే ఒక్కటి, అదీ దాని దగ్గర్నుంచి తెలిసిందే. అది పెట్టి గొప్పదాన్నవుదామనుకున్నాను. నాలుగు మూలలూ చెప్పాను. ఏ మూల రాయి పక్కన ఎటు వైపో కూడా చెప్పాను. తాత నా నెత్తి మీద ముద్దు పెట్టుకున్నాడు.

మూడోనాడు బంతి భోజనం. ఇక్కడినుంచి కథ నా పిల్లలకు తెలిసిందే. మోదుగాకు విస్తళ్ళు, తెల్లటి వరి అన్నం, వంకాయ కూర, పచ్చిపులుసు, గారెలు, మేకపోతు కూర, యాలకులు వేసిన పరమాన్నం. మా పెరట్లో వేప నీడన పొడుగ్గా ఒకటే బంతి. వెనకటికి వాడవాళ్ళకు కొట్టం అవతల, దూరంగా, ఆకులో విసిరినట్టు పెట్టేవారు. ఆనాడు మా తాత తలగుడ్డ నడుముకు చుట్టుకుని, ఆ పిల్ల తండ్రి విస్తట్లో స్వయంగా పరమాన్నం వడ్డించాడు. ఆ తండ్రి అన్నం ముందు దండం పెట్టి కూర్చున్నాడు. ఇదంతా నిజమే. ఒక్క మాట కల్పించలేదు.

చెప్పనిది ఇది. బంతిలో మా బాబాయి లేడు. ఇద్దరు పాలేర్లు లేరు. వాడ మొత్తం మా పెరట్లో కూర్చుని ఉంది కనుక వాగు అవతల చూసే కన్ను ఒక్కటీ లేదు. కూర్చోబోయే ముందు తాత నన్ను పక్కకు పిలిచి, "ఆ పిల్లను నీ పక్కన కూసోబెట్టుకో. కడుపునిండ తిననియ్యి. లేవనియ్యకు" అన్నాడు. ఎందుకని నేను అడగలేదు. అడగకపోవడం తెలియక కాదు.

సగం భోజనంలో ఆ పిల్ల లేవబోయింది. "మేకలు ఒంటిగనే ఉన్నయ్, చేన్ల వడ్తయేమో. నేను వోత" అంది.

"ఇంకో గారె తిను. మీ నాయిన కూడ తింటుండు గద" అని దాని రెక్క పట్టుకుని కూర్చోబెట్టాను. నా విస్తట్లో గారె తీసి దాని విస్తట్లో వేశాను. నా ఆకులోది దాని ఆకులో. అది సంబరపడి నా వైపు చూసి తిన్నది.

మర్నాడు తహసీల్దారు ఎదుట ఆ పిల్ల తండ్రి ఒక్కో మూలా తవ్వుకుంటూ పోయాడు. మొదట మోచేతి లోతు. తర్వాత మోకాలి లోతు. నాలుగో మూలకు వచ్చేసరికి పార వదిలేసి చేతులతో తవ్వాడు. మేము పిల్లలం గట్టు మీద నిలబడి చూస్తున్నాం.

"మన్ను మెత్తగున్నది దొరా. ఎవలో తవ్విన్రు" అన్నాడు, రెండు గుప్పిళ్ళనిండా మట్టి పట్టుకుని.

అడవిపందులు తవ్వాయేమో అన్నాడు మా తాత. చుట్టూ ఉన్న పెద్దలు ఒక్కరూ నోరు మెదపలేదు. నిన్న ఆ పెరట్లో తిన్నవాళ్ళే అందరూ. ఆయనకు చూపించడానికి ఇంకేమీ లేదు. తహసీల్దారు రాసుకుని వెళ్ళిపోయాడు. ఆ పిల్ల మాత్రం తవ్విన గుంటలు చూడలేదు. నా వైపే చూసింది. నేను బతుకమ్మ పూలు చూస్తున్నట్టు గట్టు మీది తంగేడు పొద వైపు తిరిగాను.

నెల తిరక్కుండా వాళ్ళు ఊరు విడిచారు. నెత్తి మీద చాపచుట్టతో మా గడప ముందునుంచి పోతూ ఆగింది. పేరుపెట్టి పిలుస్తుందనుకున్నాను.

"పోతున్నం దొరసానీ" అంది.

మిగతావాళ్ళ పొలాలు కూడా ఒక్కొక్కటే అట్లాగే వెనక్కి వచ్చాయి. ఒకరిది పోయింది చూశాక మిగతావాళ్ళు గట్టిగా అడగలేదు. వెట్టి మాత్రం తిరిగి రాలేదు. బావి అందరిదిగానే ఉంది. రెండేళ్ళకు సర్కారు బడి వచ్చింది, మా పాత కొట్టంలోనే పెట్టారు. అప్పటికి అందులో కూర్చోడానికి ఆ పిల్ల లేదు. నాకు పెళ్ళి చేసి పంపేశారు.

ఇదంతా నిన్న ఆదివారం వంటింటి బల్ల దగ్గర కూర్చోబెట్టి మనవరాలికి చెప్పాను. మా అమ్మాయి పప్పుకి పోపు పెడుతూ వింటోంది. పోపు మాడింది.

"ఇప్పుడివన్నీ ఎందుకమ్మా? అది ఫ్రైడే సబ్మిట్ చేయాలి. అయినా నువ్వప్పుడు తొమ్మిదేళ్ళ పిల్లవి" అంది.

నిజమే. నేనూ చాలాకాలం ఆ మాట మీదే నిద్రపోయాను. కాని తర్వాత అన్నేళ్ళు, ఆ పిల్లను తీసేసి, పరమాన్నం యాలకులతో సహా ఆ భోజనం కథ చెప్పుకుంటూ వచ్చింది తొమ్మిదేళ్ళ పిల్ల కాదు కదా.

మనవరాలు పెన్సిలు నోట్లో పెట్టుకుని కాగితం వైపు చూసింది. నన్ను ఊరడించలేదు. అది మంచిదే.

"నువ్వు తనకి సారీ చెప్పావా, అమ్మమ్మా?"

"లేదమ్మా."

"ఎప్పుడూ?"

"ఎక్కడికి పోయారో కూడా అడగలేదు."

అది కాగితం తనవైపు లాక్కుంది. విస్తరాకు బొమ్మ మీద వేలు పెట్టి, "మరి ఈ లంచ్ ఏ సైడ్ రాయాలి?" అంది.

ఆ ఒక్క పూట ఆ పిల్ల తండ్రి దండం పెట్టింది నిజం. అదే పూట పొలం పోయింది నిజం. చివరికి నిలవనివాటిలో రాయమన్నాను. బావినీ, వెట్టి పోవడాన్నీ ఇటువైపే ఉంచమన్నాను. బడిని కూడా. అది బొమ్మ చెరిపి అటువైపు మళ్ళీ గీసింది, ఈసారి రంగు వెయ్యలేదు.

కాగితం అడుగున ఈ సంగతి చెప్పినవారి పేరు రాయాలట. అది ఇంగ్లీషులో రాయబోతే, నేను రాస్తానని పెన్ను తీసుకున్నాను.

నాకు అక్షరాలు పెళ్ళయిన చాలా ఏళ్ళకు వచ్చాయి, కిరాణా పొట్లాల కాగితాలు విప్పి కూడబలుక్కుంటే. పలక మీద మొదటిసారి నా పేరు నేనే రాసుకున్న రోజున ఆ ఆకారాలు ఎక్కడో చూశాననిపించింది. మూడక్షరాలు, నడిమి దానికి కింద ఒత్తు. వాగులో బండ మీద, నా మడమ కింద. ఆ రోజు పలక తుడిచేసి వంటింట్లోకి పోయి తలుపేసుకున్నాను. ఇది ఎవరికీ చెప్పలేదు, మా ఆయనకు కూడా.

మనవరాలికి చెప్పాను. మొదటి మాట కూడా గుర్తుందా అని అడిగింది. ఎందుకుండదు.

కాగితం అడుగున ముందు ఆ పిల్ల పేరు రాశాను. పక్కన నాది. బండ మీద ఉన్న వరసలోనే. మొదటిది ఎవరిదో మనవరాలికి చెప్పాను. దానికి తెలుగు చదవడం రాదు. అయినా రెండో పేరు మీద వేలు పెట్టి నా మొహంలోకి చూసింది.

"ఇది నువ్వు" అంది.

అవునమ్మా, అన్నాను. చెరిపింది కూడా నేనే.